బుల్లమ్మ చూసొచ్చిన రియాక్టరు

లక్ష్మీనరసింహం మాస్టారికి ఒకరిని చూసి కుళ్ళుకునే గుణం ఉందంటే నేను నమ్మేవాణ్ణి కాదు. రణస్థలం అవతల, సముద్రానికి రెండు కిలోమీటర్ల దూరంలో ఉండే గరువుపాలెం హైస్కూల్లో ఆయన ఫిజిక్సు చెప్పేవారు, నేను తెలుగు చెప్పేవాణ్ణి. స్టాఫ్ రూములో ఒకే బల్లకి అటూ ఇటూ పన్నెండేళ్ళు కూర్చున్నాం. సాటి మాస్టరుకి అవార్డు వచ్చినా, తన దగ్గర చదివిన కుర్రాడు తనకంటే పెద్ద ఉద్యోగానికి వెళ్ళినా ఆయన మనస్ఫూర్తిగా సంతోషించేవారు. అలాంటి మనిషి చేపలమ్ముకునే ఒక ముసలావిడని చూసి ఓర్చుకోలేకపోయారు. ఓర్చుకోలేక అన్న ఒక్క మాట ఆవిడ కొంప మీదికి తెచ్చింది. నేను కళ్ళతో చూడనిదంతా తర్వాత ఆయనే నాతో చెప్పారు. రాస్తానంటే కాదనలేదు.

ఆయన పుట్టింది శ్రీముఖలింగంలో, గుడి సేవ చేసుకునే కుటుంబంలో. వంశధార దాటి శ్రీకాకుళం వెళ్ళి బీఎస్సీ, విశాఖలో ఎమ్మెస్సీ చదివారు. 1983లో అణుశాస్త్రవేత్త ఉద్యోగానికి పరీక్ష రాసి, బొంబాయిలో ఇంటర్వ్యూ దాకా వెళ్ళారు. లోపల నలుగురు కూర్చుని ఇంగ్లీషులో ప్రశ్నలు వేశారు. జవాబులన్నీ తెలుసు. నోరు తిరగలేదు. "నలభై నిమిషాలు కూర్చోబెట్టారయ్యా. అందులో నేను మాట్లాడింది నాలుగు నిమిషాలు ఉంటుందేమో," అనేవారు. తిరిగొచ్చి బీఈడీ చేసి బడిపంతులు అయ్యారు. రియాక్టరు అనేదాన్ని జీవితంలో ఒక్కసారైనా కళ్ళతో చూడాలన్న కోరిక మాత్రం అలాగే ఉండిపోయింది. పదో తరగతిలో కేంద్రక విచ్ఛిత్తి పాఠం వచ్చిందంటే మూడు రోజులు చెప్పేవారు. చింతపిక్కలు గుట్టగా పోసి, ఒక పిక్కని గురిచూసి కొట్టి, గొలుసు చర్య ఎలా నడుస్తుందో చూపించేవారు. పిల్లలు గదంతా పాకి పిక్కలు ఏరేవారు.

కొవ్వాడ దగ్గర అణు విద్యుత్ కేంద్రం వస్తుందన్న మాట గట్టిగా వినపడే రోజుల్లోనే జపానులో సునామీ వచ్చి అక్కడి అణు కేంద్రం పేలింది. ఇళ్ళల్లో టీవీల ముందు జనం బిగుసుకుపోయారు. అంతకు ముందే సోంపేటలో, కాకరాపల్లిలో బొగ్గు కేంద్రాల గొడవల్లో మనుషులు పోయారు. ఆ కడుపుమంట ఇంకా ఆరలేదు. ఈసారి మన వంతు అనుకున్నారు గరువుపాలెం వాళ్ళు. దాని కింద ఉన్న చేపల పేట వాళ్ళకైతే మరీ భయం. పేట మొత్తం ప్రాజెక్టు గీత లోపల ఉందని అప్పటికే చెప్పుకుంటున్నారు.

ఎవరిని అడగాలో వాళ్ళకి తెలుసు. ఆదివారాలు మాస్టారిని పేటలో వలలు బాగుచేసుకునే పాకలోకి పిలిచేవారు. ఆయన ఉన్నది ఉన్నట్టు చెప్పేవారు. బొగ్గు కాలిస్తే పొగా బూడిదా ఊపిరితిత్తుల్లోకి పోతాయనీ, ఆ పొగ వల్లే భూమి వేడెక్కి తుఫాన్లు ముదురుతున్నాయనీ, అణు కేంద్రానికి ఆ పొగ ఉండదనీ చెప్పేవారు. ప్రమాదం అరుదే గాని, వస్తే చిన్నది కాదని కూడా చెప్పేవారు. పేట పెద్ద అప్పలసూరి ఆయన మాటకి విలువిచ్చేవాడు. "ఆఫీసర్లు సెప్తే ఒకలాగ, జెండాలోల్లు సెప్తే ఒకలాగ. మాస్టారు సెప్తేనే నాకు నిద్రడతాది," అనేవాడు. ఆ రెండేళ్ళలో మాస్టారి నడకే మారింది. బొంబాయిలో పోయిన మాట ఆ పాకలో దొరికినట్టుండేది ఆయనకి.

2013 చివర్లో ఒక కబురు వచ్చింది. నిర్వాసితులయ్యే ఊళ్ళ నుంచి ఇరవై ఇద్దర్ని, సముద్రం ఒడ్డునే నడుస్తున్న ఒక అణు కేంద్రానికి తీసుకెళ్ళి చూపిస్తారట. రానూ పోనూ రైలు, భోజనం అన్నీ వాళ్ళే. మాస్టారు ఆ సాయంత్రమే జాబితా రాసే ఉద్యోగి దగ్గరికి వెళ్ళారు.

"మీది ఇక్కడి ఊరు కాదు కదండీ," అన్నాడాయన మర్యాదగానే. "భూమి లేదు, పడవ లేదు. పోయేదేమీ లేనివాళ్ళని ఎలా రాస్తాను?"

పేట నుంచి పేర్లు రాసినప్పుడు ఆడవాళ్ళ తరఫున బుల్లమ్మ పేరు రాశారు. అరవై దాటిన మనిషి. మొగుడు వేటకెళ్ళి పడవ తిరగబడి పోయాడు. అప్పట్నుంచి నెత్తిన గంప పెట్టుకుని గరువుపాలెం, చుట్టుపక్కల నాలుగూళ్ళూ తిరిగి చేపలమ్మి కొడుకుని పెంచింది. నోరు పెద్దది. సంతకం రాదు. విశాఖపట్నం దాటి ఎరగదు.

మాస్టారు ప్రయాణానికి ముందు రోజు పొద్దున్నే పేటకి వెళ్ళి, అక్కడ చూడవలసినవీ అడగవలసినవీ పది అంశాలు రాసిన కాగితం ఆవిడ చేతికిచ్చారు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నాకు సదువు రాదు గదా బాబూ. నోటితో సెప్పు."

గంటసేపు చెప్పారు. ఆవిడ తలూపుతూ నెత్తళ్ళ చేపలు ఆరబోసుకుంటూనే ఉంది.

ఆరో రోజు తిరిగొచ్చారు. పాకంతా జనం. మాస్టారు నోటుపుస్తకం పట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. నేనూ వెళ్ళాను. వెళ్ళొచ్చిన మగాళ్ళు రైలు గురించీ, తిండి గురించీ రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నారు. బుల్లమ్మ నిలబడింది.

"గుమ్మటం ఉన్నాదమ్మా, మన శ్రీకూర్మం గుడి దాని ముందు సిన్నదే. దాన్లోకి ఎవుల్నీ ఎల్లనివ్వరు. మీటలున్న గదిలోకి తీసికెల్లేరు, సెక్రం తిరిగే సోట సూపించేరు. ఆ మోతకి సెవులు పోనాయి. తరవాత సముద్రంలోకి నీల్లొదిలే కాలవ కాడికి ఎల్లేను. వద్దంతన్నా వంగి సెయ్యెట్టేను. గోరెచ్చగా ఉన్నాది. అక్కడ సేపలు నేవని కాదు, ఉన్నాయి. మన కవ్వల్లు మాత్రం ఆ నీల్లలోకి రావు. ఇది సదువుకున్నోల్లు సెప్పక్కల్లేదు, నాకు తెలుసు."

జనం నవ్వారు. ఆవిడ ఆగలేదు.

"మాస్టారు సెప్పినవన్నీ రైలెక్కేసరికి మర్సిపోనాను. నా బుర్రకి తోసిందే అడిగేను. ఈ పొయ్యిలో ఎట్టే మన్ను ఎక్కడ తవ్వుతారు బాబూ అంటే, జార్ఖండనీ, మన కడప అనీ సెప్పేరు. తవ్వినోల్ల ఒంట్లో ఎలాగున్నాది, ఆ ఊరి నూతుల్లో నీల్లెలాగున్నాయి, ఎవులు సూత్తన్నారన్నాను. సూత్తన్నామన్నారు. కాలిపోయిన కట్టెలు ఎక్కడెడతారన్నాను. నీల్ల తొట్టిలో ఏల్లకేల్లు ఉంచుతారంట. ఆ తరవాత? అంటే, వాటిని దాయాలంట, వేల సంవత్సరాలంట. ఈ మిషను ముసిల్దయిపోతే ఎవులు పూడ్సిపెడతారన్నాను. దానికి అరవై ఏల్లు టయముంది కదమ్మా అన్నారు. ఉండనీ, నాకు అరవై దాటలేదేటి? మనిషికి పురుడు పోసినప్పుడే పాడె గురించి ఆలోసించరు గాని, దీనికి ఆలోసించాల గదా! పుట్టిన కాడ్నుంచి సచ్చే దాకా ఎంత మందికి ఎంత సెరుపు, బొగ్గు మీద ఎంత నయం, మొత్తం లెక్క సెప్పమన్నాను. పెద్దాఫీసరు లేసొచ్చి నాకు కుర్సీ ఏసేడు."

చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. పక్కకి చూస్తే మాస్టారి పుస్తకంలో ఒక్క అక్షరం లేదు.

ఆ క్షణంలో తనలో ఏం జరిగిందో ఆయన చాలా రోజుల తర్వాత నాతో చెప్పారు. "ముప్పై ఏళ్ళు చదివాను తెలుగు మాస్టారూ. రియాక్టరు లోపల ఏం జరుగుతుందో నిద్రలో లేపినా చెప్తాను. దానికి ముందేముంది, వెనకేముంది అని ఒక్కసారి కూడా అడగలేదు. గని దగ్గర మొదలెట్టి పాతిపెట్టే దాకా మొత్తం పట్టుకుంది ఆవిడ. నేను చూడాల్సింది చూసింది, నేను అడగాల్సింది అడిగింది. ఛాతీలో ఎవరో నిప్పు పెట్టినట్టయింది."

బుల్లమ్మ చివర్లో ఇంకో మాట చెప్పింది. లోపలికి వెళ్ళేటప్పుడు అందరికీ రేడియేషను కొలిచే పెన్ను లాంటి పరికరం ఇచ్చారట. బయటికొచ్చాక చూసి, "మీకేమీ తగల్లేదు, సున్నా," అన్నారట.

అప్పుడు మాస్టారు లేచారు. "సున్నా అనేది ఎక్కడా ఉండదు," అన్నారు. "వాళ్ళు సున్నా అంటారు, మీరు నమ్ముతారు. లోపలికి వెళ్ళొచ్చినవాళ్ళకి ఎంతో కొంత అంటుతుంది. అది కంటికి కనపడదు."

వెనక నుంచి ఎవరో ఆడమనిషి భయంగా అడిగింది. "అంటుతాదా మాస్టారూ? అంటే ఆల నుంచి మనకీ?"

ఆయన చెప్పులేసుకుని వచ్చేశారు.

వారం తిరక్కుండా గరువుపాలెంలో బుల్లమ్మ గంప దించమనే ఇల్లు లేకుండా పోయింది. మిగతా ఇరవై ఒక్కమందిలో చాలామంది వేరే ఊళ్ళ సాగుబడి వాళ్ళు, పేట మగాళ్ళు వేటకే గాని అమ్మకానికి పోరు. వాళ్ళ జోలికి ఎవరూ పోలేదు. నోటికి తినే వస్తువు అమ్మేది బుల్లమ్మే. పైగా కాలవలో చెయ్యి పెట్టానని తనే చెప్పుకుంది. "ఆ సేత్తోనే గదా సేపలు తీస్తాది," అన్నారు. పేట కుళాయి దగ్గర ఆవిడ బిందె వస్తే మిగతా బిందెలు దూరం జరిగేవి. కోడలు దాలమ్మకి ఆరో నెల. దాలమ్మ తల్లి భోగాపురం అవతల నుంచి ఆటో కట్టించుకొచ్చి, కూతుర్ని ఆ పూటే తీసుకుపోయింది.

స్టాఫ్ రూములో నేనే కదిపాను. "మాస్టారూ, అది అలా అంటుకునేది కాదు కదా?"

ఆయన కాపీలు దిద్దుతూ తలెత్తలేదు. "నేను అబద్ధం చెప్పలేదు. సున్నా ఎక్కడా ఉండదు. కావలిస్తే పుస్తకం చూపిస్తాను."

ఆయన్ని నిలదీసింది వాళ్ళావిడ జగదాంబగారు. రేషన్ షాపు దగ్గర బుల్లమ్మ ఎదురైందట. మామూలుగా ఎక్కడున్నా పలకరించే మనిషి, తనని చూసి పక్క సందులోకి తప్పుకుందట. జగదాంబగారు ఇంటికొచ్చి సంచీ కింద పెట్టకుండానే మొదలెట్టారు.

"ఏవండీ, ఆవిడ ఒంటికి ఏదో అంటుకుందంటున్నారు ఊళ్ళో. నిజమేనా?"

"సైన్సు విషయం, నీకు అర్థం కాదు."

"అర్థమయ్యేటట్టు చెప్పడమే కదా మీ ఉద్యోగం. నిజమా, కాదా?"

"కాదు," అన్నారు ఆయన.

"అలాంటప్పుడు ఆ వేళ ఎందుకు చెప్పలేదు?" ఆవిడే అందుకున్నారు. "మీకు ఆవిడ మీద కుళ్ళు. బొంబాయి వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ ఆ ఉద్యోగం వచ్చినవాళ్ళ పేరు ఒక్కరిది కూడా మీరు ఇంట్లో పలకలేదు. నాకు తెలియదనుకున్నారా? వాళ్ళ మీద పడలేక, గంప మోసుకునే మనిషి మీద పడ్డారు."

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆవిడ అంత మాట అనడం అదే మొదలట. ఆయన ఆ రోజు భోజనం చేయలేదు. మర్నాడు బడికి సెలవు పెట్టి పేటకి నడిచి వెళ్ళారు.

బుల్లమ్మ గుమ్మంలో కూర్చుని అమ్ముడుపోని కవ్వళ్ళకి ఉప్పు రాస్తోంది. అన్నీ ఎండబెట్టుకోవడమే అప్పటికి. ఆయన వాకిట్లో నిలబడి చెప్పదలుచుకున్నది ముందే అనుకుని వెళ్ళారు. "బుల్లమ్మా, మీ ఇంట్లో నేను అన్నం తింటాను. పేటంతా చూస్తుండగా నీ చేత్తో పెట్టు. అప్పుడు ఎవరికీ అనుమానం ఉండదు."

ఎన్నడూ ఆచారం తప్పని మనిషికి అది చిన్న మాట కాదు. ఆవిడ చేతులు దులుపుకుని ఆయన వైపు చూసింది.

"నువ్వు తింటే ఏటవుతాది బాబూ? మాస్టారు ఎంత మంచోడు, పేటోల్ల ఇంట్లో తిన్నాడంతారు. నీకు మంచి పేరొస్తాది. నా కోడలు తిరిగొస్తాదేటి?"

"మరేం చెయ్యమంటావు?"

"నోటితో అన్నావు, నోటితోనే సెప్పు. తప్పన్నానని సెప్పు. ఎందుకన్నావో అదీ సెప్పు. తినడాలూ తాగడాలూ నాకక్కల్లేదు."

ఆ ఆదివారం పాకలో మాస్టారు నిలబడినప్పుడు నేను ద్వారం దగ్గర ఉన్నాను. నల్లబల్ల లేదు, చింతపిక్కలు లేవు. రెండు చేతుల్లోనూ రేవు నుంచి తెచ్చిన ఇసుక పట్టుకుని వచ్చారు. నల్లగా మెరిసే ఇసుక.

"మన ఒడ్డున ఈ నల్లిసుక ఉంది చూశారా, భీమిలి నుంచి భావనపాడు దాకా అక్కడక్కడా కనపడుతుంది. దీనిలోనూ ఆ రేడియేషను గుణం కొంచెం ఉంది. రాతిలో ఉంది, ఆకాశం నుంచి వస్తుంది, మన ఒంట్లోనే ఉంది. అందుకే సున్నా ఎక్కడా ఉండదు. నేను అన్న ఆ మాట నిజం. తర్వాత అన్నదే తప్పు. బుల్లమ్మకి అక్కడ తగిలింది ఏమైనా ఉంటే మీకు ఈ ఇసుక మీద కూర్చుంటే తగిలేంత. అది జ్వరంలాగా, గజ్జిలాగా ఒకరి నుంచి ఒకరికి అంటదు. దుమ్ము ఒంటిమీద పడితే వేరే సంగతి, ఆవిడ మీద ఏమీ పడలేదు. ఆ కాలవ నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి, అంతే. ఇదంతా నాకు ఆ రోజే తెలుసు."

"తెలిసి ఎందుకలాగన్నావు?" అన్నాడు అప్పలసూరి.

మాస్టారు ఇసుక కింద పోసేశారు. "నేను చూడాలనుకున్నది ఆవిడ చూసొచ్చింది. నాకు తోచని ప్రశ్న ఆవిడకి తోచింది. ఓర్చుకోలేకపోయాను."

తర్వాత అప్పలసూరి లేచాడు. మొహం ఎర్రబడింది.

"మాస్టారూ, రెండేల్లనుంచి నువ్వు సెప్పిందే ఏదమంత్రంలాగ ఇన్నాం. జపాను సెప్పేవు, బొగ్గు సెప్పేవు, తుఫాన్లు సెప్పేవు. ఇప్పుడు దేన్లో ఎంత కలిపేవో మాకేటి తెలుస్తాది? మా పిల్లల పేణాలు దీనిమీద ఉన్నాయి."

జనం ఒక్కొక్కళ్ళే లేచి వెళ్ళిపోయారు. బుల్లమ్మ కూడా వెళ్ళిపోయింది, ఆయన వైపు చూడకుండానే.

ఆవిడ గంప పది పన్నెండు రోజుల్లో మళ్ళీ దిగడం మొదలైంది. ముందు జగదాంబగారే పక్కింటివాళ్ళని వెంటబెట్టుకొచ్చి దగ్గరుండి కొనిపించారు. భయం మాత్రం అంత తొందరగా పోలేదు. దాలమ్మ పురుడయ్యాక మూడో నెలలో గాని రాలేదు. ఆడపిల్ల, బొద్దుగా ఉంది. పేట ఆడవాళ్ళు చూడ్డానికని వచ్చి, పిల్ల చేతివేళ్ళు ఒకటొకటి విప్పి లెక్కపెట్టారు. బుల్లమ్మ లెక్కపెట్టనిచ్చిందట. మాస్టారికి ఈ సంగతి నేనే చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, ఆ పీరియడంతా అలాగే కూర్చుండిపోయారు.

ఆదివారాలు ఆయన్ని పాకలోకి పిలవడం మానేశారు. ఆయన మళ్ళీ ఆ గుమ్మం తొక్కింది 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను తర్వాతే. పాక కప్పు లేచిపోయింది. గరువుపాలెం నుంచి కర్రలూ తాటాకులూ పట్టుకెళ్ళినవాళ్ళలో ఆయనా ఉన్నారు. కప్పు నేస్తుండగా బుల్లమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది.

"గ్రామసభ అంతన్నారు. నా ప్రెశ్నలు కాయితం మీద రాసెట్టేవోడు కావాల. నాను సెప్పినట్టే రాయాల, నీ ముక్కలు కలపకూడదు."

రాశారు. పదకొండు ప్రశ్నలు. గని దగ్గర కూలీల ఆరోగ్యం, ఇంధనం దారిలో రవాణా, కట్టేటప్పుడు ఎగిరే దుమ్ము, వేడి నీళ్ళూ చేపలూ, ప్రమాదమైతే ఎటు పారిపోవాలి, వ్యర్థాన్ని ఎవరు కాయాలి, కేంద్రం మూసేశాక ఎవరు కూల్చాలి, బొగ్గుతో పోల్చి పుట్టుక నుంచి చావు దాకా గాలికి ఎంత మేలు. ఆవిడ చెప్పిన వరసలోనే రాశారు. "నాలుగో ప్రశ్న నేనైతే ఇంకా బాగా అడిగేవాణ్ణి," అని నాతో అన్నారు. కలపలేదు మాత్రం. సభలో ఆవిడ మాట్లాడింది, ఆయన పక్కన నిలబడి కాగితం చూసి తర్వాతి ప్రశ్న అందించారు. కొన్నిటికి జవాబులొచ్చాయి. గాలికి మేలే, బొగ్గుతో పోలిస్తే చాలా మేలు అన్నారు. దానికి మాస్టారు లెక్క సరిగ్గానే ఉందని అక్కడే ఒప్పుకున్నారు. వ్యర్థం సంగతి అడిగితే వాళ్ళు చెప్పింది ఆవిడకి సరిపోలేదు, ఆయనకీ సరిపోలేదు.

2016లో ఇంకో బృందాన్ని అదే కేంద్రానికి తీసుకెళ్తూ ఉపాధ్యాయుల్ని కూడా పిలిచారు. యాభై ఏడేళ్ళ వయసులో ఆయన ఆ గుమ్మటాన్ని కళ్ళారా చూశారు. తిరిగొచ్చాక ఎలా ఉందని అడిగాను.

"బాగుంది," అన్నారు. నవ్వారు. "అక్కడి ఇంజనీరు, మాది శ్రీకాకుళం అనగానే ఏమన్నాడో తెలుసా? మీ వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చిందండీ, కాలవలో చెయ్యిపెట్టింది, ఆవిడ ప్రశ్నల్ని మేం ఇప్పటికీ చెప్పుకుంటాం అన్నాడు. అప్పుడు కూడా ఛాతీలో మండింది తెలుగు మాస్టారూ. తక్కువే. కానీ మండింది."

"మరి ఏమన్నారు?"

"ఆవిడ మా ఊరే అన్నాను."

2019లో ఆయన రిటైరయ్యారు. ప్రాజెక్టు అప్పటికి రానూ లేదు, పోనూ లేదు. పేటలో ఎవరూ ఇంటికి కొత్త గోడ కట్టుకోవడం లేదు, కదిలి వెళ్ళడమూ లేదు. బుల్లమ్మకి మోకాళ్ళు పట్టేసి గంప దాలమ్మ మోస్తోంది. మాస్టారు నెలకోసారి బస్సు దిగి పేటకి వెళ్ళి, వచ్చిన ఉత్తరాలూ పేపరు కటింగులూ చదివి వినిపిస్తారు. మొన్న నేనూ వెంట వెళ్ళాను. పన్నెండో ప్రశ్న రాస్తున్నారు. వ్యర్థాన్ని వేల ఏళ్ళు కాయాలంటే అన్నాళ్ళ తర్వాతి మనుషులకి తెలుగు అర్థమవుతుందా, హెచ్చరిక బోర్డు ఏ భాషలో రాస్తారు అని. ఈ ప్రశ్న తనదంటారు మాస్టారు.

"నీదేటి? మొన్న నాను అన్నదే!" అని బుల్లమ్మ కర్ర నేలకేసి కొట్టింది.

ఇద్దర్లో ఎవరూ తగ్గలేదు. నేను ఆఖరి బస్సు వేళవుతోందని లేచాను.